మంద కాచే కుక్కపిల్ల

పిల్లలూ, ఇంట్లో ముద్దుకు పెంచే కుక్క వేరు, మంద దగ్గర పనికి పెంచే కుక్క వేరు. మొదటి రకందాన్ని ఎంచటం సులభం. ఏది ముందుగా పరిగెత్తుకొచ్చి మీ కాళ్ళ మీద పడితే దాన్నే మీరు ఎత్తుకుంటారు. రెండో రకందాన్ని కూడా అలాగే ఎంచారనుకోండి, ఆరు నెలలు తిరిగేసరికి అది గొర్రెపిల్లల వెంటపడి వాటి చెవులు కొరుకుతూ ఉంటుంది! మందకు పనికివచ్చే కుక్కపిల్లను ఎలా ఎంచుతారో నేను మొదట పుస్తకాల్లో చదవలేదు. రొళ్ల ప్రాంతంలో పనిచేసే రోజుల్లో ఒక గొర్రెల కాపరి వెంట వెళ్ళి చూశాను. పుస్తకాలు తరవాత తోడైనవి.

రొళ్ల మన రాష్ట్రానికి పడమటి అంచున, మడకశిరకు అవతల ఉన్నది. 2022 దాకా అది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. కాస్త దూరం నడిస్తే కర్ణాటక వచ్చేస్తుంది. అక్కడ చాలా ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారు. బడిలో "కుక్క" అని రాసిన పిల్లవాడు ఇంటికి పోయి "నాయి" అంటాడు. ఒక వంక పోకతోటలు, మరొక వంక రాతిగుట్టలూ బీడు భూములూ. ఆ బీళ్ళలో గొర్రెలు మేస్తవి. వాటిని కాసేవారిలో కురుబలూ గొల్లలూ ఎక్కువ. వాళ్ళు కొలిచే మైలార లింగస్వామి పక్కన కుక్క ఉంటుంది. దేవుడికే కుక్క తోడు కావలసి వచ్చినప్పుడు కాపరి మాట చెప్పేదేముంది?

మీరు సినిమాల్లో ఇంగ్లండు దేశపు కుక్కలను చూసి ఉంటారు. అవి నేలకు వంగి, గొర్రెల కళ్ళలోకి గుచ్చి చూస్తూ, చుట్టూ తిరిగి మందను ఒక చోటికి తోలుకొస్తవి. వాటిని కోలీలు అంటారు. వాటికి పందాలు కూడా పెడతారు. వేల్సు దేశంలో 1873లో అలాంటి పందెం ఒకటి జరిగింది. అది జరిగిన ఊరి పేరేమిటో తెలుసా? బాల! మన పిల్లల పత్రికకు పెట్టవలసిన పేరు.

అయితే మన కాపరికి తోలే కుక్కతో పనిలేదు. ఆయన ముందు నడుస్తూ కేకవేస్తే గొర్రెలు వెనక వస్తవి. ఆయనకు కావలసింది రాత్రిపూట కాపలా. కోతలు అయినాక రైతులు తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్న చోట పడే పెంట, మూత్రం భూమికి మంచి ఎరువు. అందుకు రైతు గింజలో డబ్బో ఇస్తాడు. మంద ఊరికి దగ్గరగా ఉన్నప్పుడు ముళ్ళకంప వేసిన రొప్పంలో ఉంటుంది. చేలో ఉన్నప్పుడు చుట్టూ వల మాత్రమే. ఆ వల తోడేలుకు ఒక లెక్క కాదు.

తోడేలు దట్టమైన అడవిలోనే ఉంటుందనుకోకండి. బీళ్ళూ గుట్టలూ దానికి ఇష్టం. కాపరి దాన్ని చంపటానికి వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. ఇవ్వటం న్యాయమే. 2022 లెక్కలో మన దేశంలో పులులు 3,682 ఉన్నవని తేలింది. తోడేళ్ళు అంతకన్నా తక్కువే, మూడు వేల పైచిలుకు అని శాస్త్రజ్ఞుల అంచనా. తోడేలూ బతకాలి, గొర్రే బతకాలి. ఈ చిక్కు విడదీయగలిగింది మంచి కుక్క ఒక్కటే.

ఎనిమిదో తరగతిలో ఒక కురుబల అబ్బాయి ఉండేవాడు. లెక్కల్లో చురుకైనవాడు. కాని ఆ ఏడు చలికాలం వచ్చేసరికి మొదటి గంటలోనే తల వాల్చి నిద్రపోసాగాడు. పిలిచి అడిగితే సంగతి చెప్పాడు. వాళ్ళ ముసలి కుక్క చచ్చిపోయింది. తోడేలు రెండుసార్లు వచ్చి మూడు పిల్లలను ఎత్తుకుపోయింది. తండ్రి కూలికి బెంగుళూరు పోయాడు. అందుచేత తాతా మనమడూ రాత్రిళ్ళు వంతులవారీగా మేలుకుంటున్నారు. అంటే కుక్క చెయ్యవలసిన పని ఆ పిల్లవాడు చేస్తున్నాడన్నమాట.

నేను వెళ్ళి తాతను చూశాను. ఆయన ఏ దాపరికం లేకుండా, "ఇంగొక ఏడు ఇట్లే అయితే వాణ్ణి బడి మానిపీల్ల సామీ. నలభై గొర్రెలు పోతే మాకేముంది?" అన్నాడు. ఆ మాటకు జవాబు చెప్పటం నాకు చేతకాలేదు. అయితే ఆయన అప్పటికే ఒక కుక్కపిల్లను చూసుకుంటున్నాడట. "ఆదివారం వస్తావా?" అని అడిగాడు.

కుక్కపిల్లలు ఎప్పుడు దొరుకుతవో లెక్కవేసి చూడండి. అక్టోబరు నెలలో చిత్తకార్తె వస్తుంది. అప్పుడు మన ఊరకుక్కలు గుంపులు గుంపులుగా తిరగటం మీరు చూసే ఉంటారు. అవి జత కట్టే కాలం అదే. కుక్క తొమ్మిది వారాలు, అంటే సుమారు 63 రోజులు, పిల్లలను మోస్తుంది. కాబట్టి డిసెంబరు నడిమికి ఈనుతుంది. పిల్లలకు రెండు వారాలకు కళ్ళు తెరుచుకుంటవి. మూడు వారాలకు చెవులు వినిపిస్తవి. సంక్రాంతి పండగ నాటికి తప్పటడుగులు వేస్తవి. రథసప్తమి ప్రాంతానికి ఏడు వారాలు నిండుతవి. తల్లి నుంచి వేరు చెయ్యటానికి అది సరైన అదను.

మేము ముగ్గురమూ అగళి వైపు ఒక మంద దగ్గరికి వెళ్ళాము. ఒక కానుగ చెట్టు కింద తల్లికుక్క పడుకుని ఉన్నది. ఐదు పిల్లలు. అబ్బాయి వాటి మధ్య చతికిలబడ్డాడు. తాత మాత్రం పిల్లల వంక చూడనేలేదు. కంబళి పరుచుకుని కూర్చుని, అరగంట సేపు తల్లినే చూస్తూ ఉండిపోయాడు. నేను కారణం అడిగితే, "పిల్లను సూస్తే ఏమి తెలుస్తాది? తల్లిని సూడల్ల," అన్నాడు.

ఇంతలో ఒక గొర్రె తన పిల్లతో మేస్తూ మేస్తూ దగ్గరికి వచ్చింది. తల్లికుక్క లేవలేదు, గుర్రుమనలేదు. మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు సగం మూసింది. "అద్దో!" అన్నాడు తాత. దీని అర్థం నాకు తరవాత తెలిసింది. గొర్రెను రెప్పవెయ్యకుండా చూసే కుక్క వేటకుక్క. కోలీ కుక్క చూపు కూడా ఆ వేటచూపే, మనిషి దాన్ని తోలే పనికి మళ్ళించాడు, అంతే. కాపలా కుక్క గొర్రె ఎదట చూపు దించుకోవాలి. తల్లికి ఆ గుణం ఉంటే పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటవి, కొంత రక్తంలో కూడా వస్తుంది.

ఆ తరవాత పిల్లల వంతు. ఒక నల్ల మగపిల్ల తాత కంబళి కొస పట్టుకుని గుర్రుగుర్రుమంటూ విదిలిస్తున్నది. అబ్బాయి దాన్నే తీసుకుందామన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. మరొకటి తల్లి వెనకనుంచి ఇవతలికి రానేలేదు. దాన్నీ వదిలేశాడు. మిగిలిన మూడూ ఆడుకుంటూ ఉండగా తన దగ్గర ఉన్న ఇత్తడి చెంబును రాతి మీద దబ్బున వేశాడు. మూడూ బెదిరి పారిపోయినవి. రెండు అక్కడే ముడుచుకున్నవి. ఎర్రటిది ఒకటి మాత్రం ఆగి, వెనక్కు తిరిగి, నక్కుతూ నక్కుతూ వచ్చి చెంబును వాసన చూసింది. దాన్ని తీసుకుపోయి గొర్రెపిల్లల మధ్య వదిలాడు. ఒక గొర్రెపిల్ల తలతో దాన్ని కుమ్మింది. ఎర్రపిల్ల వెల్లకిలా పడి, లేచి, ఆ గొర్రెపిల్ల మూతి నాకింది. బేరం అయిపోయింది. అది ఆడపిల్ల. కన్నడంలో ఎర్రదాన్ని కెంపి అంటారు. దాని పేరు కూడా అదే అయింది.

ఆ మంద కాపరి మరో పద్ధతి చెప్పాడు. ఇరవై గోళ్ళున్న కుక్క తోడేలుకు భయపడదట! మీ వీధిలో మీరు ఎరిగిన, కరవని కుక్క ఉంటే లెక్కపెట్టి చూడండి. సాధారణంగా ముందుకాళ్ళకు అయిదేసి, వెనక కాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 ఉంటవి. కొన్నిటికి వెనక కాళ్ళకు కూడా అయిదో గోరు ఉండి 20 అవుతవి. గోరుకూ ధైర్యానికీ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పలేరు. మెడపట్టి పైకెత్తితే కుయ్యిమనని పిల్లే మంచిదని అనేవాళ్ళు కూడా ఉన్నారు. అది పిల్లను ఊరికే బాధపెట్టటం.

మరి చెంబు పరీక్షను నమ్మవచ్చా? కొంతవరకే. ఏడెనిమిది వారాల పిల్లలను పరీక్షించి, అవి పెద్దయినాక మళ్ళీ చూసిన శాస్త్రజ్ఞులు, చిన్ననాటి పరీక్షతో పెద్దనాటి గుణం అంతగా చెప్పలేమని తేల్చారు. మరీ పిరికిదాన్నీ మరీ దుడుకుదాన్నీ ఏరివెయ్యటానికి అది చాలు. మిగతాదంతా పెంపకమే.

ఈ పెంపకంలో ఒక విచిత్రం ఉన్నది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అమెరికాలో ఎన్నో ఏళ్ళు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రకటించారు. కుక్కపిల్లకు మూడోవారం నుంచి పన్నెండో వారం దాకా మనసు తలుపు తెరుచుకుని ఉంటుందట. ఆ రోజుల్లో ఎవరి మధ్య తిరిగితే వాళ్ళే దాని బంధువులు. వాళ్ళ ప్రయోగశాలలోనే కొన్ని పిల్లలను పధ్నాలుగు వారాల దాకా మనిషి తాకకుండా పెంచారు. అవి ఆ తరవాత మనిషిని చూస్తే అడవి జంతువుల్లాగే పారిపోయినవి! మనిషి విషయంలో ఎలాగో గొర్రె విషయంలోనూ అలాగే.

ఈ సంగతి గ్రంథాలు రాకముందే కాపరులకు తెలుసు. చార్లెస్ డార్విన్ పేరు మీరు విన్నారు గదా? ఆయన 1833లో దక్షిణ అమెరికాలో, ఇప్పటి ఉరుగ్వే దేశంలో తిరుగుతూ, మనిషి తోడు లేకుండా కుక్కలే పెద్ద పెద్ద మందలను కాయటం చూసి ఆశ్చర్యపడ్డాడు. అక్కడివాళ్ళు చిన్న కుక్కపిల్లను తెచ్చి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రెను పట్టుకుని దాని పాలు తాగించేవారట. గొర్రెల దొడ్డిలోనే ఉన్నితో పక్క వేసేవారట. మిగతా కుక్కలతో గాని, ఇంట్లో పిల్లలతో గాని ఆడనిచ్చేవారు కాదట. ఆ కుక్క రోజూ మాంసం ముక్క కోసం ఇంటికి వచ్చినప్పుడు ఇంటి కుక్కలు దాన్ని తరిమేవి. అది తోక ముడిచి పరుగెత్తేది. కాని మందను చేరుకోగానే గిర్రున తిరిగి మొరిగేది, అంతే, ఇంటి కుక్కలన్నీ పలాయనం!

కెంపి విషయంలో కష్టమైన పని అబ్బాయిదే. దాన్ని ఇంటికి ఎత్తుకుపోకూడదు, పక్కలో పడుకోబెట్టుకోకూడదు. రోజూ రెండుపూటలా రాగిసంగటిలో మజ్జిగ కలిపి రొప్పంలోనే పెట్టాలి. కాసేపు ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చెవులూ తడిమి వచ్చెయ్యాలి. మనిషి చెయ్యి అసలే తెలియకపోతే రేపు ముల్లు గుచ్చుకున్నా పట్టుకోనివ్వదు. మొదటి పది రోజులూ అది రాత్రిళ్ళు ఏడ్చింది. అబ్బాయి కూడా ఏడ్చాడని తాత చెప్పాడు.

కెంపి పెద్దదయ్యేదాకా తాత తన మందను ఒక బంధువు మందతో కలిపాడు. ఆ మందకు రెండు కుక్కలున్నవి. మంద కట్టినందుకు వచ్చే గింజల్లో బంధువుకు వాటా పోయింది. తాత గొణిగాడు గాని, మనమడికి నిద్ర దక్కింది, కెంపికి గురువులు దొరికారు. అయిదో నెలలో పళ్ళు మారేటప్పుడు దానికి తరుముడు జబ్బు పట్టుకున్నది. గొర్రె పరిగెత్తితే చాలు, వెంటపడేది. తాత దాని మెడకు చిన్న గుదికర్ర కట్టాడు. పరిగెత్తితే కర్ర మోకాళ్ళకు తగులుతుంది, నడిస్తే తగలదు. రెండు నెలలకు కర్ర తీసేశాడు. కొట్టి నేర్పితే కుక్క కాపరికి భయపడుతుందే గాని గొర్రెను గౌరవించదని ఆయన నమ్మకం. నాకూ అది నచ్చింది. బడిపిల్లల విషయంలోనూ నేను చూసింది అదే.

జబ్బుల సంగతి పెద్దలు కూడా చదవాలి. కుక్కపిల్లకు మూడో నెల నిండగానే పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా వేయించాలి, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మెయిస్టర్ అనే పిల్లవాడికి ఆ టీకా వేయించి బతికించాడు. అందుకే ఏటా జూలై 6న మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఏ కుక్క కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పసుపూ సున్నమూ పెట్టి కూర్చోకూడదు.

మరొకటి. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు పారెయ్యటం పల్లెల్లో మామూలు. ఆ తలలో ఒక్కొక్కప్పుడు నీటితిత్తిలాంటి పురుగు ఉంటుంది. అది కుక్క పేగుల్లో బద్దెపురుగుగా పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడి, మేసిన గొర్రె మెదడుకు చేరుతవి. అప్పుడు గొర్రె ఒకే వైపుకు గుండ్రంగా తిరుగుతూ చిక్కి చస్తుంది. మరో జాతి బద్దెపురుగు గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల నుంచి కుక్కకూ, కుక్క నుంచి మనిషికీ వస్తుంది. కాబట్టి పచ్చి తలా, కాలేయమూ కుక్కకు వెయ్యకూడదు. దానికి వేళకు పురుగుల మందు తాగించాలి. కుక్కను తాకినాక చేతులు కడుక్కోవాలి.

మరుసటి సంక్రాంతికి తాత తన మందను వేరుగా కట్టాడు. కెంపికి అప్పటికి పదమూడు నెలలు. ఒకనాటి తెల్లవారుజామున అది ఎడతెరిపి లేకుండా మొరిగిందట. తాత లాంతరు పట్టుకుని లేచేసరికి కెంపి వల బయట, మందకూ గుట్టకూ నడుమ నిలబడి ఉన్నది. తరుముకుంటూ పోలేదు. పోయి ఉంటే మరో తోడేలు అవతలి వైపునుంచి దూరేది. తెల్లవారినాక తాత గొర్రెలను లెక్కపెట్టాడు. అన్నీ ఉన్నవి. వల చుట్టూ మెత్తటి దుక్కిలో రెండు రకాల అడుగులు కనిపించినవి.

అబ్బాయి పదో తరగతికి వచ్చాడు. ఆ ఏడు నేను ఒక సాయంత్రం వాళ్ళ మంద దగ్గరికి వెళ్ళాను. కెంపి నన్ను పిల్లప్పుడు చూసింది గనక గుర్తుపడుతుందనుకున్నాను. అది లేచి, దారికి అడ్డంగా నిలబడి, ఒక్క అడుగు ముందుకు వెయ్యనివ్వలేదు. తాత చేలో అవతలి గట్టున ఉన్నాడు. ఆయన నింపాదిగా చుట్ట ఆర్పి, లేచి, వచ్చి, "అయ్యవారే, పోనీ," అనేదాకా ప్రధానోపాధ్యాయుడు గట్టు మీదనే నిలబడి ఉన్నాడు.