ఊడిన ఒత్తులు, పోతన ఫాంటు

తెలుగు పేజీ తెరవగానే ఒత్తు ఊడి పక్కన పడి కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జనగామలో విండోస్ మీద నిండుగా కనిపించిన దరఖాస్తు మానుకోటలో మా తమ్ముడి ఉబుంటు లాప్‌టాప్‌లో గళ్ళు గళ్ళుగా వచ్చింది. భూపాలపల్లిలో మేనల్లుడి మ్యాక్‌లో అక్షరాలు బాగానే ఉన్నాయిగానీ, పైన ‘ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి’ అని ఒక హెచ్చరిక! మ్యాక్‌కు ఆ బ్రౌజర్ కొత్తగా రావడం 2003లోనే ఆగిపోయింది. విండోస్‌లో కూడా 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దానికి సెలవిచ్చేసింది. రైతు పట్టా చూసుకోవడానికి, పిల్ల స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టడానికి ఫలానా యంత్రమే ఉండాలనడం అన్యాయం.

ఒకప్పుడు ఇంతకన్నా ఘోరం. ఏ పత్రిక ఫాంటు దానిదే. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు దాచేవాళ్ళు. లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ తెరిస్తే వార్తల బదులు పిచ్చిగీతలు. నాగార్జున వెన్న ‘పద్మ’ అనే పొడిగింత రాసి, ఆ గీతలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించారు. ఆ రోజుల్లో లైనక్స్‌లో తెలుగు చదివినవాళ్ళం ఆయనకు రుణపడి ఉన్నాం.

బ్రౌజర్ మారిస్తే సరిపోతుందనేవాళ్ళకు 2018 ఫిబ్రవరిని గుర్తుచేస్తాను. ఒక్క తెలుగు అక్షరాల గుంపు ఎదురైతే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. లోపం ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదలతో దాన్ని సరిదిద్దింది. ఇప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్షరాల కూర్పును ఆ పని చేసే లైబ్రరీ హార్ఫ్‌బజ్‌కు అప్పగించాయి, మంచిదే. కానీ పేజీ తన ఫాంటును వెంట పంపకపోతే యంత్రంలో ఉన్నదే దిక్కు: విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో, లైనక్స్‌లో ఏదీ లేకపోతే గళ్ళు. పంపడం పేజీ కట్టినవాడి బాధ్యత. ఈ మాట ఎన్నిసార్లయినా అంటాను.

పంపదగిన ఫాంటు లేదా అంటే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ఎప్పుడో చేసిపెట్టారు: పోతన 2000, వేమన 2000. పోతన ఫాంటులో పద్యం చదివితే కళ్ళకు హాయి. ఆ పేరు మా జనగామ జిల్లాదే. పాలకుర్తి మండలంలోని బమ్మెరలో ఇదే పోతన దున్నిన పొలమని ఇప్పటికీ చూపిస్తారు. ఆయన భాగవతంలో కొంత శిథిలమైతే బొప్పరాజు గంగన పంచమ స్కంధాన్ని, ఏర్చూరి సింగన షష్ఠాన్ని, వెలిగందల నారయ చివరి రెంటినీ పూరించారు. రుక్మిణీ కల్యాణంతోనో గజేంద్రుడితోనో తృప్తిపడి చాలామంది నారయ దాకా వెళ్ళరు. ఏకాదశంలో అవధూత యదువుతో మాట్లాడే ఘట్టం ఉంది. భూమి, గాలి, కొండచిలువ, తేనెటీగ, ఇవన్నీ తన గురువులంటాడు. కొండచిలువ నుంచి ఏం నేర్చుకున్నాడో నన్నడగొద్దు, నారయనే చదవండి.