హవా, దబావ్, పీడనం

ఒకే సంగతికి నా దగ్గర మూడు మాటలున్నాయి. ఉర్దూ మీడియం బడిలో సైన్సు పుస్తకం దాన్ని 'దబావ్' అంది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక 'పీడనం' అయింది. మా చిన్న మామూ షాపులో మాత్రం అది ఉత్త 'హవా'. దబావ్‌కీ పీడనానికీ ఇంకో అర్థం కూడా ఉంది, ఒకరు ఇంకొకర్ని అణచడం. మామూ హవాకి ఆ అర్థం లేదు. ఎన్నికలప్పుడు మా పత్రికల్లో రాసే హవా కూడా కాదది. టైరులో పట్టే గాలి, అంతే.

మామూది పంచర్ షాపు. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డులో, ఓర్వకల్లు దాటాక, వేపచెట్టు కింద. పాతవాళ్ళకది 18వ నంబరు హైవే, ఇప్పుడు 40. ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయే బండ్లన్నీ ఆ ముందు నుంచే పోవాలి. 'పంచర్‌వాలా' అనేది ఈ రోజుల్లో ఫోన్లలో మన మీదికి విసిరే తిట్టని మీకు నేను చెప్పనక్కర్లేదు. తిట్టేవాళ్ళ సంగతి అటుంచండి. మన ఇళ్ళల్లోనే ఆ మాట గొంతు తగ్గించి చెప్పుకుంటున్నాం. అందుకే ఆ పనిలో ఎంత ఇల్మ్ ఉందో ఈసారి రాద్దామనిపించింది.

పొద్దున షాపు ముందు ఆగే బండ్లన్నిటికీ ఒకే హవా కాదు. కారుకు 30 నుంచి 35 పాయింట్లు. నాపరాయి మోసే లారీకి 100 దాటాలి. ట్రాక్టర్ వెనక టైరు చూడటానికి అంత పెద్దది, దుక్కిలో దానికి 12, 15 చాలు. "సాయిబన్నా, దుక్కికి పోతాండా, సూసి పట్టు" అంటాడు రైతు. అంటే కొంచెం తగ్గించమని. వాన పడిన నల్లరేగడిలో గట్టి టైరు లోపలికి దిగిపోతుంది. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని బరువును ఎక్కువ నేల మీదికి పంచుతుంది. పట్టు దొరుకుతుంది, కింద మన్నూ గట్టిపడదు. అదే ట్రాక్టర్ ట్రాలీ నిండా శనగ బస్తాలేసుకుని తారురోడ్డెక్కితే ఆ గాలి సరిపోదు, మళ్ళీ పట్టించుకోవాలి. "జమీన్ దేఖ్కో హవా మార్నా" అంటాడు మామూ. నేలను చూసి గాలి కొట్టాలని.

పోయిన ఈద్‌కి మామూ కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు ఫోన్లో అమెరికా కార్ల రేసు చూపించాడు. తారు లేదు, గుండ్రంగా మట్టి ట్రాకు, కార్లు అడ్డంగా జారుతూ మన్ను ఎగజిమ్ముతున్నాయి. మామూ కాసేపు చూసి, "వీళ్ళు ఎప్పుడూ ఎడమ తట్టుకే తిరుగుతారా?" అన్నాడు. అవునన్నాడు వాడు. "అయితే కుడి టైరుకు హవా ఎక్కువుండాలే."

వాడు వెతికి చూశాడు. నిజమే. ఎడమకు తిరిగినప్పుడల్లా బరువంతా కుడి వైపుకు తూలుతుంది. అందుకని కుడి వెనక టైరులో గాలి ఎక్కువ. దాని చుట్టుకొలత కూడా పెద్దదే. ఎడమ వెనక టైరులో చాలాసార్లు 10 పాయింట్లు కూడా ఉండవు. అంత తక్కువ గాలికి టైరు రిమ్ము నుంచి ఊడిపోకుండా రింగు పెట్టి బిగిస్తారు. ట్రాకు తడిగా, జిగటగా ఉన్నప్పుడు మలుపులో టైరు మడత పడకుండా కొంచెం గట్టిగా ఉంచుతారు. ఎండి నున్నబడే కొద్దీ పట్టు కోసం తగ్గిస్తారు. రైతు మాటనే వాళ్ళు ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు! పరుగులో వేడెక్కి గాలి పెరిగితే, పెరిగినంత దానంతటదే బయటికి పోయే వాల్వు కూడా ఉంటుందని వాడు చదివి వినిపించాడు. మామూకి ఆ ఒక్కటి నచ్చలేదు. "వాళ్ళది నాలుగు నిమిషాల ఆట. మన రోడ్డు మీద ఆ పని నక్కో" అన్నాడు.

ఎందుకో చెప్తాను. ఇది మీ ఇంటి బండికి కూడా పనికొస్తుంది. ఎండాకాలంలో టైరు పగులుతుందని గాలి తగ్గించుకునేవాళ్ళు మనలో చాలామంది. కారు టైరులో వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 1 పాయింటు పెరుగుతుంది. పొద్దున 32 ఉన్నది మధ్యాహ్నం పరుగు మీద 37 అవుతుంది. టైరు చేసినవాళ్ళు ఆ హిసాబ్ ముందే వేసుకున్నారు. వేడి మీద దాన్ని 32కి దించితే, మర్నాడు పొద్దున చల్లటి టైరులో 27, 28 ఉంటుంది. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టులో నలుగుతుంది, లోపల్నుంచే కాగుతుంది, దారాలూ రబ్బరూ విడిపోతాయి. అప్పుడు పగులుతుంది. అందరం ఎక్కువ హవాకి భయపడతాం గానీ, ఎక్కువగా ముంచేది తక్కువ హవా. అందుకే మామూ చల్లటి టైరునే కొలుస్తాడు. బండి మూడు గంటలైనా నిలబడి ఉండాలి.

ఒక మే నెల మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. కడప పెద్ద దర్గాకి పోతున్న కుటుంబం, కారు నిండా పిల్లలు. డ్రైవర్ గాలి తగ్గించమన్నాడు. మామూ గేజి పెట్టి చూశాడు. మూడింట్లో 37, ఒకదాంట్లో 30. డ్రైవర్ ఆ మూడింట్లో తీసెయ్యమంటాడు, మామూ ఆ ఒక్కటి విప్పుతానంటాడు. మాటా మాటా పెరిగింది. "పైసలకోసం కదా" అన్నాడతను. మామూ మారుమాట్లాడకుండా జాకీ ఎత్తి టైరు తీశాడు. సన్నటి మేకు, సన్నగా కారుతున్న గాలి. ప్యాచ్ వేసి మామూలు డబ్బులే తీసుకున్నాడు. వాళ్ళు షుక్రియా కూడా చెప్పకుండా వెళ్ళారు.

ఆ కారు క్షేమంగా చేరిందని ఎవరూ తిరిగొచ్చి చెప్పరు. పగలని టైరు వార్త కాదు. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో పగిలిన టైర్ల వార్తలే రాశాను, ఇంత మంది అని అంకె వేసి.

బేతంచెర్ల, జమ్మలమడుగు తట్టు నుంచి రాళ్ళు మోసుకొచ్చే లారీలు ఆగితే మామూ ఇనుప కడ్డీతో టైర్లన్నీ ఒక్కొక్కటే కొట్టి వింటాడు. వెనక జంట టైర్లలో లోపలిది మెత్తబడితే కంటికి కనిపించదు. బయటిదాని మీద ఇద్దరి బరువూ పడుతుంది. చెవితో అనుమానం పట్టి, గేజితో ఖాయం చేసుకుంటాడు. ఏ ఉస్తాద్ దగ్గరో షాగిర్ద్‌గా ఏళ్ళు గడిపితే వచ్చే చెవి అది.

పోయిన నెల మామూ కూతురికి ఒక రిష్తా వచ్చింది. బయోడేటా నన్ను రాయమన్నారు, రాసేవాణ్ణి కదా అని. 'వాలిద్ పని' అన్న చోట "ఆటోమొబైల్ బిజినెస్ అని పెట్టు బేటా" అంది మామీ. మామూ ఏమీ అనలేదు, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పిల్లే నా చేతిలోంచి పెన్ను తీసుకుని 'పంచర్ షాపు, నంద్యాల రోడ్డు' అని రాసింది. నేను కింద ఫోన్ నంబరు చేర్చాను. పంపించేశాం.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మీరు దూరప్రయాణం పెట్టుకుంటే, ఫజర్ కాగానే, బండి ఎండెక్కకముందే, దగ్గర్లో ఉన్న షాపులో హవా చూపించుకోండి. స్టెప్నీకి కూడా.