జైలు కొలువుకు జవాబులు

మా తమ్ముని కొడుకు జైలు అధికారి కొలువుకు అర్జీ పెట్టుకొన్నాడు. హుమ్మలో ఉప్పుమళ్లు చూస్తూ పెరిగినవాడు. జైలును బరంపురం వెళ్లినప్పుడు వెలుపలి నుంచి చూశాడంతే. మౌఖిక పరీక్షకు మేమే రోజూ భోజనాలయ్యాక తయారుచేశాము.

మొదటి చిక్కు భాష. మన గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది గదా! ఇంట తెలుగైనా అక్కడ ఒడియా తడబడకుండా రావాలి. అందుచేత జవాబులన్నీ ఒడియాలోనే చెప్పించాము.

తరువాత చట్టం. 1894 నాటి జైళ్ల చట్టమూ, ఖైదీలకు కులాన్నిబట్టి పనులు పంచరాదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ గడగడ అప్పజెప్పాడు. అప్పుడడిగాము: "ఒరే, ఖైదీ నిన్ను తిడితే ఏం చేస్తావు?"

"నాలుగు తగిలిస్తాను, పెదనాన్నా!" అన్నాడు ఠక్కున.

"శిక్ష వేసేది కోర్టురా. నీ చేతికి ఆ అధికారం లేదు. జరిగింది రాసి సూపరింటెండెంటుకు తెలుపు. 2022 లెక్కల్లో మన దేశపు ఖైదీలలో నూటికి 75 మంది తీర్పు రానివారే. 1930లో ఉప్పు వండి జైలుకెళ్లినవారూ ఖైదీలే. ఉప్పు పండే ఊరివాడివి, నువ్వది మరవకూడదు" అన్నాము.

చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు తనంతట తానే ఆ జవాబును ఒడియాలో చక్కగా చెప్పాడు.

పిల్లలను ఈ కొలువుకు పంపే పెద్దలు ఆ ప్రశ్న తప్పక అడగాలి. పరీక్షలో అడగకపోవచ్చు, గేటు దాటిన మొదటిరోజే అది ఎదురుపడుతుంది.