హుక్ పెట్టలే

ఒక ముచ్చట చెప్పాలె.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దుగాల్నే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పెద్దబిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు, మిత్తి పెరిగిందట. ఆ లెక్కలు చేసుకుంటనే స్కాఫోల్డింగ్ ఎక్కిన. ఆరో అంతస్తు కాడ పక్కనున్న పిలగాడు "అన్నా, హుక్ పెట్టలే!" అని మొత్తుకుండు. చూస్తే బెల్ట్ హుక్ నడుముకే వేలాడుతోంది. రోజూ అందరికీ సేఫ్టీ చెప్పేది నేనే. మనిషిని దుబాయిలో ఉన్న, మనసు జగిత్యాలలో ఉంది.

ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్ కదా. ఆ రోజు నుంచి ఆ టైంల ఫోన్ పక్కకు పెట్టి, కండ్లు మూసుకొని పావుగంట కూసుంటున్న. మంత్రం ఏం లేదు. శ్వాస వచ్చుడు, పోవుడు చూసుడే. మూడో శ్వాసకే మనసు అప్పు కాడికి ఉరుకుతది. తిట్టుకోకుండ మళ్ల తెచ్చుకోవాలె. ధ్యానం గురించి నాకు తెలిసింది గంతే.

అప్పు తగ్గలే. కాని ఇప్పుడు ఎక్కే ముందు పది శ్వాసలు తీసుకొని, హుక్ చేత్తో పట్టి చూసుకుంట. రాత్రి చిన్నబిడ్డ ఫోన్ల మాట్లాడితే లెక్కలు చెయ్యకుండ ఆమె మాటే వింటున్న.

మీరూ రేపు ఎక్కే ముందు ఒకపారి చేసి చూడుండ్రి.