కత్తిపీటకు కనిపించనిది

గుత్తి వంకాయ కూరకు చిన్న, గుండ్రటి లేత కాయలనే ఏరుకుంటారు. తొడిమ ఊడకుండా నాలుగు చీలికలు చేసి, లోపల పురుగు ఉందేమో చూసి, కండ నల్లబడకుండా ఉప్పునీటిలో వేస్తారు. పంజాబులో భర్తా కోసం పెద్ద కాయను నిప్పుల మీద కాలుస్తారు. బెంగాలులో చక్రాలుగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, ఆవనూనెలో వేయించి బేగున్ భాజా చేస్తారు. వంట ఏదైనా, కాయను చివరిగా పరీక్షించేది వండే మనిషే.

ఆ పురుగే ఒక దశలో జాతీయ వివాదానికి కారణమైంది. కొమ్మనూ కాయనూ తొలిచే ఆ పురుగును మొక్కే చంపుకొనేలా, మహికో సంస్థ ఒక మట్టి బాక్టీరియా జన్యువును వంగలో చొప్పించింది. 2009 అక్టోబరు 14న కేంద్ర నియంత్రణ కమిటీ ఈ బీటీ వంగ వాణిజ్య సాగుకు సమ్మతించింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపి, 2010 ఫిబ్రవరి 9న మారటోరియం విధించారు. స్వతంత్ర అధ్యయనాలతో భద్రత రుజువయ్యే వరకు ఆగాలన్నారు. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతించి, మరుసటి ఏడాది జనవరిలో 20 మంది రైతులకు నారు పంచింది. సరిహద్దుకు ఇరువైపులా వండేది అదే బేగున్ భాజా, చట్టాలే వేరు.

తొందరపాటు అనుమతిని ఆపడం సమంజసమే. వంగ పుట్టినిళ్లలో ఒకటిగా పేరున్న దేశంలో, రకరకాల నాటు వంగలున్న నేలలో, ఆ జాగ్రత్త అవసరం. కానీ మారటోరియం పురుగును ఆపలేదు. రైతు మళ్లీ మళ్లీ పురుగుమందు కొడుతూనే ఉన్నాడు. ఆ విషాన్ని మొదట పీల్చేది పిచికారీ చేసే కూలీ. మిగిలినది కాయతో పాటు వంటింటికి చేరుతుంది. జన్యుమార్పిడిని వ్యతిరేకించేవారు ఈ విషాన్ని విస్మరించరాదు. సమర్థించేవారు దీన్ని చూపి పరీక్షలను దాటవేయరాదు.

కత్తిపీట పురుగును పట్టిస్తుంది. మందు అవశేషాన్నీ, చొప్పించిన జన్యువునూ అది చూపలేదు. అక్కడ వండే మనిషి అధికారం ముగిసి, ప్రభుత్వ బాధ్యత మొదలవుతుంది. స్వతంత్ర పరీక్షలు పూర్తిచేయడం, ఫలితాలను ప్రజల భాషల్లో వెల్లడించడం, అంగట్లో కాయ స్వభావం తెలిసేలా చేయడం ఆ బాధ్యతలో భాగాలు. ఇవేవీ చేయకుండా నిర్ణయాన్ని వాయిదా వేస్తూ పోతే దాన్ని జాగ్రత్త అనలేం.