ఫోన్‌లో ఫిజియోథెరపీ: మన జవాబులో లేని మనిషి

జీఎస్-2లో టెలిమెడిసిన్ ప్రశ్న వస్తే మనమంతా దాదాపు ఒకేలా రాస్తాం. 2019లో ఈ-సంజీవని, 2020 మార్చిలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, దూరం తగ్గింది, ఖర్చు తగ్గింది. నేనూ అలాగే రాసేవాణ్ని.

మా అక్క కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు బస్సులో తీసుకెళ్లేది. వెళ్లిన రోజు కూలి పోయేది. లాక్‌డౌన్‌లో అది వీడియో కాల్‌కు మారింది. బస్సు ఖర్చు మిగిలింది, నిజమే. కానీ కండరం ఎంత బిగుసుకుందో థెరపిస్టు ఫోన్‌లో పట్టి చూడలేరు కదా! "మెల్లగా వంచండమ్మా" అని ఆవిడ చెప్పేవారు. వాడు ఏడ్చేవాడు. ఎక్కడ ఆపాలో అక్కకు తెలిసేది కాదు. ఫోన్ పట్టుకుని నిలబడ్డ నాకూ తెలిసేది కాదు. అయినా మానలేదు. కొన్ని నెలలకు వాడు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడర్థమైంది, ఈ పద్ధతిలో సగం థెరపిస్టు తల్లేనని. అందుకే ఇప్పుడు నా జవాబులో మూడు సూచనలు చేరుస్తున్నాను: మొదటి పరీక్ష ఆర్‌బీఎస్‌కే కింద పనిచేసే డీఈఐసీలో నేరుగా జరగాలి, తల్లికి అక్కడే చేత్తో చేయించి నేర్పాలి, మధ్యమధ్యలో మళ్లీ నేరుగా చూడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టాన్ని ప్రస్తావించేటప్పుడు మీరూ ఆ తల్లికి ఒక వాక్యం కేటాయించండి.