నల్లదా... తెల్లదా?

వంటింటి గట్టు మీద మూడు స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో మంజీర ఇసుక. రెండోదాంట్లో హైదరాబాద్‌ నుంచి తెచ్చిన తెల్ల ఇసుక. మూడోదాంట్లో అదే దుకాణంలో పొట్లం కట్టిచ్చిన నల్ల ఇసుక. పక్కనే సగానికి కోసిన నిమ్మకాయ, పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం. నారాయణఖేడ్‌లోని ఆ ఇంట్లో ఆ ఆదివారం టిఫిన్లు పదిన్నరకు గానీ కాలేదు. కారణం... సముద్రం!

అవును, సముద్రమే. ఖేడ్‌ నుంచి ఎటు బయల్దేరినా మూడు వందల కిలోమీటర్ల లోపు అది తగలదు. ఇటు కాస్త దాటితే కర్ణాటక, అటు దాటితే మహారాష్ట్ర. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించే బజారు ఉంది గానీ అలల చప్పుడు మాత్రం లేదు. అయినా ఆ ఇంటి ముందుగదిలో మూడడుగుల గాజు తొట్టి ఉంది. ఏడో తరగతి చదివే అమ్మాయి, సర్కారు బడిలో సైన్సు చెప్పే వాళ్ల నాన్న కలిసి అందులో ఉప్పునీటి చేపలు పెంచాలనుకున్నారు. అన్నీ కుదిరాయి. అడుగున పరిచే ఇసుక దగ్గరే ఆగిపోయింది వ్యవహారం.

అమ్మాయికి నల్లది కావాలి. నాన్నకు తెల్లది.

‘నల్లదాని మీద క్లౌన్‌ చేప దీపం లెక్క వెలుగుతది నాన్నా’ అంటుంది ఆ పిల్ల. హైదరాబాద్‌ దుకాణంలో చూసింది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్‌ నెమో’ సినిమాను టీవీలో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. సారు వాదన వేరు. సముద్రం అడుగున తెల్లగానే ఉంటుంది కాబట్టి తొట్టిలోనూ తెల్లగానే ఉండాలి. (ఆయన జీవితంలో చూసిన ఒకే ఒక్క సముద్రం విశాఖపట్నంలోది. అక్కడ ఇసుక తెల్లగా ఉండదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ గుర్తు చెయ్యలేదు.)

నాయనమ్మ మనవరాలి పక్షం. ‘నల్లదే ఎయ్యిండ్రి. మురికి కనవడది’ అంది. ‘కనవడకపోతే కడుగుతరా వీళ్లు?’ అంది కోడలు వంటింట్లోంచి. నిజానికి ఇద్దరి మాటల్లోనూ సగమే ఉంది. తెల్ల ఇసుక మీద నాచు, గోధుమరంగు పొర వెంటనే కనిపిస్తాయి. నల్ల ఇసుక మీద చేపల రెట్టలు, తినకుండా వదిలేసిన మేత తెల్లగా మెరుస్తాయి. ఏ రంగు వేసినా ఏదో ఒక మురికి బయటపడుతూనే ఉంటుంది.

రంగు సంగతి అలా ఉంచితే, అసలు ఆ రెండు ఇసుకలూ పుట్టిందెక్కడ? ఉప్పునీటి తొట్లకు అమ్మే తెల్ల ఇసుక చాలావరకూ కాల్షియం కార్బొనేట్‌. అంటే సున్నపురాయి జాతి. పగడపు దిబ్బలు, గవ్వలు, ఆల్చిప్పలు అరిగి అరిగి అలా అవుతాయి. అందులో చిలుక చేపల పాలు కూడా ఉంది. గట్టి ముక్కులాంటి పళ్లతో పగడపు రాళ్లను గీకి తింటాయి. లోపల పిండి చేసి ఇసుకలా విసర్జిస్తాయి. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోలు పోస్తుందట. ఏ దీవి తీరంలోనో తెల్లటి ఇసుక మీద ఫొటో దిగిన వాళ్లకు ఈ సంగతి చెబితే మొహం ఎలా పెడతారో!

నల్లదాని కథ ఇంకా చిత్రం. హవాయి దీవుల్లోని పునలూ తీరం లాంటి చోట్ల అది అగ్నిపర్వతాల లావా. చల్లబడి, పగిలి, బసాల్ట్‌ రేణువులైంది. బసాల్ట్‌ కోసం హవాయి దాకా ఎందుకు? ఖేడ్‌ కాళ్ల కింద ఉన్నదీ అదే రాయి. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ పీఠభూమి మీద పొరలు పొరలుగా పారిన లావా అంచులు ఈ ప్రాంతం దాకా వచ్చాయి. పత్తి, జొన్న పండే నల్లరేగడి ఆ రాయి మెత్తబడి అయిందే. నాయనమ్మ ఆ పొట్లం విప్పి రెండు వేళ్లతో నలిపి ‘మన చేను మట్టి లెక్కనే ఉన్నది, కాని అంటుకుంటలేదు’ అనడంలో వింతేం లేదు.

సారు స్నేహితుడొకాయన విశాఖ నుంచి సంచీడు పట్టుకొస్తానని ముందుకొచ్చాడు. భీమిలి వైపు ఒడ్డు వెంట నల్లటి చారలు కనిపిస్తుంటాయి. నిజమే. కానీ అది లావా కాదు. ఇల్మనైట్‌, గార్నెట్‌ లాంటి బరువైన ఖనిజాలు. తేలిక ఇసుకను అలలు లాక్కుపోతే ఇవి మిగిలిపోతాయి. తూర్పు తీరంలోని ఇలాంటి ఇసుకలో మోనజైట్‌ అనే మరో ఖనిజం కూడా ఉంటుంది. అందులోది థోరియం, రేడియోధార్మిక పదార్థం. కుప్పలో కాస్తే అనుకోండి. అయినా చేపల తొట్టిలోకి వెతికి మరీ తెచ్చుకునే సరుకైతే కాదు. సారు వద్దన్నాడు. పగడపు ముక్కల విషయమూ అంతే. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఏ రామేశ్వరం ఒడ్డునో దొరికిందని జేబులో వేసుకున్నా నేరమే అవుతుంది.

అందుకే ఆ ఆదివారం నిమ్మకాయ, అయస్కాంతం బయటికొచ్చాయి. ‘కొట్లాట ఎందుకు, పరీక్ష పెడదాం’ అన్నాడు సారు.

తెల్ల ఇసుక మీద నిమ్మరసం పిండగానే సన్నగా నురగ లేచింది. ఆమ్లం తగిలితే కాల్షియం కార్బొనేట్‌ కార్బన్‌ డయాక్సైడ్‌ వదులుతుంది. పాస్‌! పలుగురాతి తెల్ల ఇసుకైతే ఉలకదు పలకదు. సముద్రపు నీటి పీహెచ్‌ 8.1 నుంచి 8.3 మధ్య ఉంటుంది. అది బాగా పడిపోతే సున్నపు ఇసుక కొద్దిగా కరిగి ఆదుకుంటుంది. అయితే ఆ సాయాన్నే నమ్ముకుని నీళ్లు మార్చకుండా కూర్చోకూడదు.

నల్ల ఇసుక నిమ్మరసానికి లొంగలేదు. అయస్కాంతం దగ్గరికి తేగానే మాత్రం చీమల బారులా వచ్చి అతుక్కుంది. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఇనుప ఖనిజం ఉన్న ఇసుకతో చిక్కేమిటంటే, ఆ తొట్ల గాజును లోపలి నుంచి తుడిచేది కూడా అయస్కాంతమే. రెండు ముక్కలుంటాయి, గాజుకు ఇటొకటి అటొకటి. మధ్యలో నాలుగు రేణువులు ఇరుక్కున్నాయో, ప్రతి తుడుపుకీ గాజు మీద గీతే. నల్ల ఇసుకలన్నీ అలాగే ఉంటాయని కాదు, ఈ పొట్లంలోది అలా ఉంది. పైగా వేలితో రుద్దితే గరుగ్గా, అంచులతో తగిలింది. ఇసుకను నోటితో తవ్వుకునే చేపలకు మెత్తటి గుండ్రటి రేణువులు కావాలి.

ఇక మిగిలింది మంజీర ఇసుక. దాన్ని పరీక్షించాల్సిన పనేం లేదు, అది ఎలాగూ వెయ్యరు. కానీ అమ్మాయే ఆ గిన్నెను ముందుకు లాక్కుంది. అయస్కాంతానికి నాలుగైదు గింజలంటాయి. నిమ్మరసానికి ఒకటి రెండు చోట్ల బుడగలొచ్చాయి, నల్లరేగడిలో కనిపించే సున్నపు గడ్డల తునకలు కావచ్చు. అంతే.

‘మరి ఇందుల విషం ఏం లేదు కదా నాన్నా?’

‘లేదురా.’

‘మరి అవి ఎందుకు సచ్చిపోయినయి?’

వంటింట్లో పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

ఆ తొట్టి ఇంటికి రావడం అది మొదటిసారి కాదు, అంతకు ఎనిమిది నెలల ముందే వచ్చింది. చిట్టీ పాడిన డబ్బుల్లోంచి భార్యకు చెప్పీ చెప్పకుండా కొన్నాడు సారు. ఇసుక మాత్రం అమ్మాయి తెచ్చింది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు మంజీర ఒడ్డున రెండు సంచుల్లో తనే ఎత్తుకుంది. ఇంటికొచ్చి నల్లా దగ్గర కూర్చుని సాయంత్రం దాకా కడిగింది. మర్నాడు రెండు క్లౌన్‌ చేపలు, ఒక గోబీ దిగాయి. పది రోజుల్లో మూడూ పోయాయి. ఆ రాత్రి సారు తొట్టి ముందు నిలబడి ‘ఇసుకల ఏమో ఉన్నట్టున్నది’ అన్నాడు. ఒక్క మాటే. పిల్ల ఏమీ అనలేదు. తర్వాత ఆ గదిలో ఆ మూలకు పోవడం మానేసింది. తొట్టిలో పాత పేపర్లు చేరాయి, తర్వాత ఉల్లిగడ్డలు.

సారు చాలాసేపు గిన్నెలోకి చూశాడు. తర్వాత చెప్పాడు. తప్పు ఇసుకది కాదు, తనది. ‘తొట్టి పెట్టినంక నెల పైన ఆగాలె అని దుకాణంల చెప్పిండ్రు. నేనే ఇనలేదు. నువ్వు సంబురపడుతున్నవని తెల్లారే చేపలు తెచ్చిన.’

చేపలు విసర్జించేదీ, కుళ్లిన మేతా అమ్మోనియా అవుతుంది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, ఇంకొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. పీహెచ్‌ ఎక్కువుండే ఉప్పునీళ్లలో అమ్మోనియా మరీ ప్రమాదం. ఆ బ్యాక్టీరియా పుట్టి పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అవి కాపురముండేది ఎక్కడనుకున్నారు? రాళ్ల మీద, వడపోతలో, ఇసుక రేణువుల మీద! పిల్ల ఎత్తుకొచ్చిన ఇసుక చంపలేదు సరికదా, టైమిచ్చి ఉంటే ఎంతో కొంత కాపాడేది. ఇదంతా ఆయనకు ఆ చేపలు పోయిన నెలకే తెలుసు. పుస్తకం తిరగేస్తే తెలిసింది. చెప్పడానికే ఎనిమిది నెలలు పట్టింది.

పిల్ల ఏడవలేదు. ‘నేను మంచిగ కడగలేదనుకున్న’ అని లేచి, మాడిన అట్టు పెనం మీంచి తీసింది. తల్లి మాత్రం మొగుడి వంక చూసిన చూపు ఆయనకు చాలా రోజులు గుర్తుండే ఉంటుంది.

మధ్యాహ్నం సారే దిగొచ్చాడు. అయస్కాంతానికి అంటని నల్ల ఇసుక ఎక్కడైనా దొరుకుతుందేమో చూద్దాం, నల్లదే వేద్దాం అన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. ‘తెల్లదే ఎయ్యి. ఏమన్న తేడా వస్తే నాకు కనవడాలె.’ నల్లరంగు ముచ్చట మాత్రం వదల్లేదు. స్టేషనరీ షాపులో నల్ల చార్టు షీట్లు కొని తొట్టి వెనక అద్దానికి బయటి వైపు అంటించింది. చేప దీపంలా వెలగడానికి అడుగు నల్లగా ఉండక్కర్లేదు, వెనక నల్లగా ఉన్నా చాలు.

మరి చేపల ఇష్టం? క్లౌన్‌కు ఇసుకతో పెద్దగా పనిలేదు. పసుపు రంగు వాచ్‌మన్‌ గోబీకి అదే ఇల్లు. సముద్రంలో అది చూపు ఆనని ఒక రొయ్యతో కలిసి బొరియలో కాపురం ఉంటుంది. రొయ్య తవ్వుతుంటే ఇది గుమ్మంలో కాపలా. చాలా చేపలు అడుగు రంగును బట్టి ఒంటి రంగూ మార్చుకుంటాయి. తెల్ల ఇసుక మీద వెలిసినట్టు, నల్లదాని మీద ముదురుగా కనబడతాయి. శత్రువు కంట పడకుండా అవి చేసుకునే ఏర్పాటది. మనం షోకు కోసం చూస్తాం, అవి ప్రాణం కోసం.

తర్వాతి పనులు చకచకా జరిగాయి. నాలుగు సెంటీమీటర్ల మందాన పరచడానికి ఇరవై కిలోల ఇసుక పట్టింది. బోరు నీళ్లు వద్దనుకుని ఆర్వో నీళ్లు పోశారు. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఐదు కిలోల సముద్రపు ఉప్పు కలిపారు (వంట ఉప్పు పనికిరాదు, కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఉండాలి). ఎండాకాలం ఖేడ్‌లో నలభై డిగ్రీలు దాటుతుంది, తొట్టిలో 26 దగ్గర నిలపాలి. నీళ్ల మీదికి చిన్న ఫ్యాను పెట్టారు. గాలికి నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు పోదు. తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. ఆ పని నాయనమ్మ చూసుకుంది.

మొదటి రోజు తొట్టి పాలు కలిపినట్టు తెల్లబోయింది. మర్నాటికి తేరుకుంది. తర్వాత ఆరు వారాలు... ఖాళీ నీళ్లే. వచ్చిన వాళ్లంతా ‘చేపలేవీ?’ అని అడిగేవారు. పిల్ల రోజూ చిటికెడు మేత వేసి, రెండు రోజులకోసారి పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి, రంగు చూసి నోటుబుక్కులో రాసుకుంది. అమ్మోనియా పెరిగింది, తగ్గింది. నైట్రైట్‌ పెరిగింది, తగ్గింది. సారు ఒక్కసారి కూడా ‘ఇక తెద్దామా?’ అనలేదు.

ఏడో వారం గోబీ ఒక్కటే వచ్చింది. రెండు గంటలు రాతి వెనక దాక్కుంది. తర్వాత బయటికొచ్చి నోటినిండా ఇసుక తీసుకుని, నాలుగు అంగుళాలు మోసుకెళ్లి ఉమ్మేసింది. మళ్లీ వెళ్లి ఇంకో నోరు. నాయనమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

‘ఏందే బిడ్డా, ఇది గూడ దున్నుకుంటున్నది!’

ఆ రాత్రి పడుకోబోయే ముందు పిల్ల మళ్లీ నీళ్లు పరీక్షించింది. నోటుబుక్కులో తేదీ వేసి రాసింది: అమ్మోనియా, సున్నా.